యూరప్‌ని రైల్లో చుట్టి రావడం ఎలా: ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పారిస్ దాకా ఏడు రైలు రోజుల ప్లాన్

యూరప్ టూర్ అంటే మనవాళ్లు ఎక్కువమంది బస్సు ప్యాకేజీనే తీసుకుంటారు. పొద్దున్నే లేపడం, బస్సెక్కడం, దిగి ఫోటోలు, మళ్లీ బస్సు. అది తప్పని అనను గానీ మా అమ్మానాన్నలకి అది సరిపడదని నాకు ముందే తెలుసు. అందుకే మేం రైలు పాస్ మీద వెళ్లాం, అమ్మ, నాన్న, మా ఆయన, తొమ్మిదేళ్ల మా బాబు, నేను, మొత్తం ఐదుగురం. వచ్చినప్పట్నుంచి చుట్టాలూ ఫ్రెండ్సూ ఎలా చేశారు అని అడుగుతూనే ఉన్నారు, అందరికీ ఫోన్లో చెప్పడం అవ్వట్లేదు కాబట్టి మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ రాస్తున్నా. కాస్త పెద్దదే, తీరిగ్గా చదవండి.

ముందు రూటు, తర్వాతే మిగతావి

అందరూ ముందు పాస్ ఎంత, టికెట్ ఎంత అని మొదలుపెడతారు. ముందు ఒక పేపర్ తీస్కుని ఊళ్లు రాసుకోండి, రాశాక అందులో మూడో వంతు కొట్టేయండి. నిజంగా చెప్తున్నా, ఊళ్లు తగ్గించిన ట్రిప్పే బావుంటుంది. ఊరు మారిన ప్రతిసారీ పెట్టె సర్దాలి, రూం ఖాళీ చెయ్యాలి, కొత్త ఊళ్లో కొత్త హోటల్ వెతుక్కోవాలి, సగం రోజు అందులోనే పోతుంది.

మేం చివరికి ఖాయం చేసుకున్నది ఇది. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2 రాత్రులు, కొలోన్‌లో 2, మ్యూనిక్‌లో 2, వియన్నాలో 3, ఆ తర్వాత ఒక రాత్రి రైల్లోనే, వెనిస్‌లో 2, ఇటలీలో స్విట్జర్లాండ్ సరిహద్దు దగ్గరున్న తిరానో అనే చిన్న ఊళ్లో 1, జ్యూరిక్‌లో 2, పారిస్‌లో 3. మొత్తం 18 రాత్రులు. ఇందులో దూరం వెళ్లే రైలు రోజులు సరిగ్గా ఏడు. దిగేది ఆమ్‌స్టర్‌డామ్‌లో, తిరిగి ఫ్లైట్ ఎక్కేది పారిస్‌లో. ఫ్లైట్ టికెట్ కొనేటప్పుడు మల్టీ సిటీ అని పెడితే ఇలా ఒక ఊళ్లో దిగి ఇంకో ఊళ్లో ఎక్కేలా వస్తుంది. రౌండ్ ట్రిప్ కొనేసి, మొదటి ఊరికే మళ్లీ వెనక్కి రావడానికి ఒక రోజంతా తగలేసుకోకండి.

వీసా

ఈ రూట్లో ఉన్న దేశాలన్నీ షెంగెన్ (ఒకే వీసా చెల్లే యూరప్ దేశాల గుంపు) కిందకే వస్తాయి కాబట్టి ఒక్క వీసా చాలు. 2025 జనవరి నుంచి బల్గేరియా, రొమేనియా కూడా పూర్తిగా కలిశాయి, మొత్తం 29 దేశాలు. లండన్ కూడా చూడాలనుకుంటే మాత్రం దానికి యూకే వీసా వేరేగా తీసుకోవాలి, అందుకే మేం దాన్ని వదిలేశాం.

చాలామంది తికమక పడేది ఏ దేశానికి అప్లై చెయ్యాలి అన్న దగ్గరే. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికి. ఊరు లెక్క కాదు, దేశం లెక్క. మా ప్లాన్‌లో వియన్నా 3, పారిస్ 3 చూసి మా ఆయన ఆస్ట్రియాకా ఫ్రాన్స్‌కా అని ఒకటే ఆలోచన, కానీ కొలోన్ 2 మ్యూనిక్ 2 కలిపితే జర్మనీకి 4 అవుతాయి, సో జర్మనీకే అప్లై చేశాం. రెండు దేశాలకి సమానంగా వస్తే మొదట అడుగుపెట్టే దేశానికి. ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకి 45, సర్వీస్ ఛార్జీ దీనిమీద అదనం. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు, లేటంటే 15 రోజుల ముందు వరకు, కానీ ఎండాకాలం సెలవులకి వెళ్లేవాళ్లు ఆ చివరి దాకా ఆగొద్దు, అపాయింట్‌మెంట్లే దొరకవు. హోటళ్లు ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నవే బుక్ చెయ్యండి. ఏ రోజు ఏ ఊరు, ఏ రైలు అని ఒక పేజీ టైప్ చేసి ఫైల్లో పైన పెట్టండి, చూసేవాళ్లకి పని తేలికవుతుంది.

పాస్ ఏది కొనాలి

పేరు దగ్గరే ఒక విషయం. ఇండియాలో ఉండేవాళ్లకి యూరెయిల్ పాస్. యూరప్‌లో నివాసం ఉండేవాళ్లకి ఇంటర్‌రెయిల్ పాస్. ఇది పాస్‌పోర్ట్ బట్టి కాదు, ఎక్కడ ఉంటున్నారో దాన్ని బట్టి. అంటే జర్మనీలో ఎంఎస్ చేస్తున్న మీ అబ్బాయో అమ్మాయో మీతో కలిసి తిరగాలంటే వాళ్లు ఇంటర్‌రెయిల్ కొనుక్కోవాలి, ఇండియన్ పాస్‌పోర్టే కదా అని మీతో పాటు యూరెయిల్ కొనేస్తే కుదరదు. పైగా ఇంటర్‌రెయిల్‌లో సొంత దేశంలో వాడుకోడానికి పరిమితి ఉంటుంది, బయటికి వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారి.

యూరెయిల్‌లో గ్లోబల్ పాస్ 33 దేశాల్లో పనిచేస్తుంది. రెండు రకాలు. వరసగా ఇన్ని రోజులు అని ఉండేది ఒకటి, నెలలో ఏవైనా 4 రోజులు, 5 రోజులు, 7 రోజులు లేదా రెండు నెలల్లో 10, 15 రోజులు అని ఉండేది ఇంకోటి. ఫ్యామిలీతో వెళ్లేవాళ్లకి రెండోదే కరెక్ట్, మధ్యలో ఊళ్లో తిరిగే రోజులు లెక్కలోకి రావు కదా. మేం కొన్నది నెలలో 7 రోజులది, సెకండ్ క్లాస్. ఫస్ట్ క్లాస్ అవసరం మాకెక్కడా కనపడలేదు. 60 దాటినవాళ్లకి 10 శాతం తగ్గింపు, 27 ఏళ్ల వరకు యూత్ పాస్ ఇంకా తక్కువ, 11 ఏళ్ల వరకు పిల్లలకి పెద్దవాళ్లతో ఉంటే ఫ్రీ, ఒక్కో పెద్దవాళ్లకి ఇద్దరు పిల్లల దాకా. ఫ్రీ అయినా పిల్లల పేరు మీద పాస్ తీసుకోవాలి, అది మర్చిపోకండి.

ఇక్కడ నా అభిప్రాయం చెప్పాలి. ప్రతిసారీ పాసే చవక అని కాదు. ఇద్దరే వెళ్తున్నారు, తేదీలు మారవు, రెండు మూడు నెలల ముందే టికెట్లు కొనగలరు అంటే విడి టికెట్లే తక్కువకి పడొచ్చు, జర్మనీలో స్పార్‌ప్రైస్, ఆస్ట్రియాలో స్పార్‌షీనె అని ముందుగా కొనేవాళ్లకి చవక టికెట్లు ఉంటాయి. కానీ అవి ఆ ఒక్క రైలుకే. అమ్మకి మోకాళ్ల నొప్పి, బాబు ఎప్పుడు ఏం అడుగుతాడో తెలీదు, అలాంటప్పుడు ఈ రైలు కాకపోతే తర్వాతది అనే నిశ్చింతకి నేను డబ్బులు పెట్టడానికి రెడీ. వీసా చేతికొచ్చాకే పాస్ కొనండి, కొన్నాక 11 నెలల్లోపు ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు.

పాస్ వేరు, రిజర్వేషన్ వేరు

ఇది మాత్రం రెండుసార్లు చదవండి. మనకి టికెట్ అంటేనే బెర్త్ నంబర్ దాంట్లో ఉంటుంది, పీఎన్ఆర్ కొడితే అన్నీ వస్తాయి. అక్కడ పాస్ అంటే ప్రయాణించే హక్కు మాత్రమే, సీటు కాదు. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, నెదర్లాండ్స్‌లో పగటి రైళ్లు చాలావరకు పాస్ చూపించి ఎక్కేయడమే, ఖాళీ సీట్లో కూర్చోడమే. సీటు పైన చిన్న స్క్రీన్ మీద ఊళ్ల పేర్లు కనిపిస్తే ఆ ఊళ్ల మధ్య అది ఎవరో బుక్ చేసుకున్నారని అర్థం, ఏమీ లేకపోతే మీరు కూర్చోవచ్చు. ఫ్రాన్స్ టీజీవీలు, ఇటలీలో ఫ్రెచ్చారోస్సా లాంటి స్పీడ్ రైళ్లు, స్పెయిన్‌లో దూరం వెళ్లే రైళ్లు, యూరోస్టార్, రాత్రి రైళ్లు వీటన్నిటికీ రిజర్వేషన్ తప్పనిసరి, దానికి డబ్బులు వేరే. టీజీవీల్లో పాస్ వాళ్లకి కేటాయించే సీట్లు పరిమితం, అవి అయిపోతే రైల్లో సీట్లు ఖాళీగా ఉన్నా పాస్ మీద ఇవ్వరు.

మా ఏడు రోజుల్లో రిజర్వేషన్ కావాల్సినవి మూడే. వియన్నా–వెనిస్ రాత్రి రైలు, వెనిస్–మిలాన్, జ్యూరిక్–పారిస్. పాస్ కొన్న రోజే కూర్చుని ఈ మూడూ చేసేశాం. మీరూ ముందు రాత్రి రైలు, తర్వాత పారిస్ రైలు, ఈ వరసలో చెయ్యండి. ఇటలీది చివర్లో అయినా దొరుకుతుంది, దొరక్కపోతే వెనిస్ నుంచి వెరోనా, వెరోనా నుంచి మిలాన్ రీజనల్ రైళ్లలో మారుకుంటూ పోవచ్చు, వాటికి రిజర్వేషనే లేదు, గంట పైన ఎక్కువ పడుతుంది అంతే.

ఫోన్లో పాస్ వాడటం

రైల్ ప్లానర్ అనే యాప్‌లో పాస్ ఉంటుంది. పాస్‌పోర్ట్ నంబర్ ఎక్కించి, మొదలయ్యే తేదీ పెట్టి యాక్టివేట్ చెయ్యాలి. తర్వాత ఏ రైలు ఎక్కుతున్నామో ఆ రైలుని యాప్‌లో పాస్‌కి జతచెయ్యాలి, అప్పుడు ఆ రోజు ట్రావెల్ డే కింద, అంటే పాస్‌లో ఉన్న ఏడు రోజుల్లో ఒకటిగా లెక్కపడి క్యూఆర్ కోడ్ వస్తుంది. రైలు ఎక్కే ముందే ఇది అవ్వాలి. ఎక్కాక, టీసీ వచ్చాక చేస్తా అంటే టికెట్ లేనట్టే లెక్క. మూడు రోజులకి ఒకసారైనా యాప్ నెట్‌కి కనెక్ట్ అవ్వాలి. రైలు వెతికేటప్పుడు రిజర్వేషన్ అక్కర్లేనివి మాత్రమే చూపించు అని ఒక ఆప్షన్ ఉంది, అది చాలా ఉపయోగం. అందరి పాస్‌లూ ఒకే ఫోన్లో పెట్టుకోవచ్చు, కానీ ఆ ఫోన్ ఛార్జింగ్ అయిపోతే ఐదుగురికీ కష్టం, పవర్ బ్యాంక్ తప్పకుండా పెట్టుకోండి.

లగేజీ

అక్కడ కూలీ ఉండడు, రైలు దగ్గరికి సామాను మోసేది మనమే. ప్లాట్‌ఫాం మారడానికి కొన్నిచోట్ల లిఫ్ట్ ఉంటుంది, కొన్నిచోట్ల పనిచెయ్యదు. మనిషికి ఒక చిన్న ట్రాలీ, ఒక బ్యాక్‌ప్యాక్. ట్రాలీ ఎవరిది వాళ్లు మెట్లెక్కించగలగాలి, అదే కొలత. ఇంట్లో మేడ మెట్ల మీద ఎక్కించి చూసుకోండి. మా అమ్మ నాలుగు పట్టుచీరలు తీసి రెండు కాటన్ చీరలు, రెండు డ్రస్సులు పెట్టుకుంది, మధ్యలో వియన్నాలో ఒకసారి లాండ్రీ చేసుకున్నాం, సరిపోయింది.

తిండి సంగతి. కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ గట్టిగా సీల్ చేసి చెక్-ఇన్ బ్యాగేజీలో పెట్టుకున్నాం. మాంసం, పాల పదార్థాలు బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదు, కాబట్టి గోంగూర మటన్ పచ్చడి, పాలకోవా లాంటివి ఇంట్లోనే వదిలెయ్యండి. పెరుగు గురించి బెంగ వద్దు, ఏ సూపర్‌మార్కెట్‌లో అయినా దొరుకుతుంది, జర్మన్ మాట్లాడే చోట నటూర్‌యోగుర్ట్ అని ఉన్నది తీసుకోండి, పక్కన ఉన్నవి తియ్యటివి. చిన్న ట్రావెల్ కుక్కర్‌లో పొద్దున్నే అన్నం వండి పెరుగు కలిపి డబ్బాలో పెట్టుకుంటే మధ్యాహ్నం రైల్లో హాయిగా తినొచ్చు, రైల్లో సొంత తిండి తింటే ఎవరూ ఏమనరు. హోటల్ వాళ్లు రూంలో వండుకోనిస్తారా అని మాత్రం అడగండి, లేకపోతే కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. జర్మనీలో ఆదివారం షాపులు మూసేస్తారు, పెద్ద స్టేషన్లలో ఉన్నవే తెరిచి ఉంటాయి.

స్టేషన్లో

జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లో పసుపు రంగు చార్టు బయల్దేరే రైళ్లది, తెల్లది వచ్చే రైళ్లది. ప్లాట్‌ఫాంని జర్మన్‌లో గ్లైస్, ఫ్రెంచ్‌లో వ్వా, ఇటాలియన్‌లో బినారియో అంటారు, ఈ మూడు మాటలు చాలు. ప్లాట్‌ఫాం పొడవునా ఎ, బి, సి, డి అని బోర్డులుంటాయి, మన కోచ్ పొజిషన్ బోర్డుల్లాంటివే. రైలు ఆగేది కొద్ది నిమిషాలే, కదిలాక పరుగెత్తి ఎక్కడం అనేది అక్కడ లేదు, తలుపులు ముందే మూసుకుంటాయి.

కొన్ని రైళ్లు మధ్యలో రెండుగా విడిపోయి సగం ఒక ఊరికి, సగం ఇంకో ఊరికి పోతాయి. మాకు ఒకసారి అలాగే అయింది. హడావిడిగా ఎదురుగా ఉన్న డోర్లో ఎక్కేశాం, ఖాళీ సీట్లు చూసి కూర్చున్నాం. గంట తర్వాత టికెట్ చూసే ఆవిడ వచ్చి పాస్ చూసి, మేం వెళ్లే ఊరి పేరు చూసి, తల అడ్డంగా ఊపి ముందుకి చెయ్యి చూపించింది. రైలు విడిపోయే స్టేషన్‌కి ఇంకా పది నిమిషాలే ఉంది. రెండు సగాలకీ లోపల దారి లేదు, దిగి ప్లాట్‌ఫాం మీద పరుగెత్తాలి. నాన్న చేతిలో మూడు బ్యాగులు, నా చేతిలో బాబు, అమ్మ వెనక. ఎక్కేశాం, కానీ అమ్మ చాలాసేపు మాట్లాడలేదు, ఊపిరి ఆడక. ఆరోజు నుంచి ఎక్కే ముందు డోర్ పక్కన స్క్రీన్ మీద మా ఊరి పేరు ఉందో లేదో చూడకుండా కాలు పెట్టలేదు. మీరు కూడా అదే చెయ్యండి.

కోచ్‌లలో సైలెంట్ సెక్షన్లు కొన్ని ఉంటాయి, అక్కడ ఫోన్ మాట్లాడకూడదు. పిల్లలతో ఉన్నవాళ్లు అందులో కూర్చోకుండా ఉంటే అందరికీ మంచిది. మామూలు కోచ్‌లో కూడా ఫోన్ స్పీకర్లో వీడియోలు పెట్టొద్దు. పెద్ద స్టేషన్లలో, ముఖ్యంగా మిలాన్, పారిస్‌లో జేబుదొంగలు ఉంటారు, పాస్‌పోర్ట్ ఒంటి మీదే ఉండాలి.

ఇక రైలు రోజుల వారీగా

మొదటి రోజు ఆమ్‌స్టర్‌డామ్ నుంచి కొలోన్, డైరెక్ట్ ఐసీఈ (జర్మనీ స్పీడ్ రైలు) ఉంది, మూడు గంటల లోపే. కొలోన్‌లో స్టేషన్ బయటికి అడుగు పెడితే ఎదురుగానే కథీడ్రల్, 157 మీటర్లు, 1248లో మొదలుపెట్టి 1880లో పూర్తి చేశారు. స్టేషన్‌కి నడిచే దూరంలోనే హోటల్ తీసుకోండి, ఇది అన్ని ఊళ్లకీ వర్తిస్తుంది.

రెండో రోజు కొలోన్ నుంచి మ్యూనిక్. యాప్ మీకు తొందరగా పోయే ఐసీఈనే చూపిస్తుంది, అది కొలోన్–ఫ్రాంక్‌ఫర్ట్ హైస్పీడ్ లైన్ మీద టన్నెళ్లలోంచి పోతుంది, ఏమీ కనపడదు. దాన్ని వదిలేసి కోబ్లెంజ్, మైంజ్ మీదుగా పోయే రైలు పట్టుకోండి. గంటో గంటన్నరో ఎక్కువ పడుతుంది గానీ రైను నది పక్కనే వెళ్తుంది, కోబ్లెంజ్ నుంచి బింగెన్ దాకా రెండు పక్కలా కొండలు, ద్రాక్షతోటలు, కొండకొక కోట. ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చోండి, నది అటే. కౌబ్ దగ్గర నది మధ్యలోనే ఓడలా ఒక చిన్న కోట ఉంటుంది. మా అమ్మకి అలవాటు, రాజమండ్రి బ్రిడ్జి మీద గోదావరి కనపడగానే దణ్ణం పెట్టుకుంటుంది. ఇక్కడ కూడా కోబ్లెంజ్ దాటాక నది కిటికీ దగ్గరగా రాగానే చేతులు జోడించింది, ఎదురు సీట్లో ఒక పెద్దావిడ అది చూసి నవ్వి తన సీటు ఇచ్చేసింది, ఇంకా బాగా కనిపిస్తుందని. భాష రాదు ఇద్దరికీ, మైంజ్ దాకా చేతులతోనే మాట్లాడుకున్నారు.

మూడో రోజు మ్యూనిక్ నుంచి వియన్నా, రైల్‌జెట్ అనే ఆస్ట్రియా స్పీడ్ రైల్లో నాలుగు గంటలు. మధ్యలో సాల్జ్‌బర్గ్‌లో దిగండి, స్టేషన్ లాకర్లో సామాను పెట్టి నాలుగు గంటలు ఊరు తిరిగి మళ్లీ ఎక్కండి. అదే ట్రావెల్ డే కాబట్టి అదనంగా ఖర్చు లేదు, పాస్ అసలు విలువ ఇదే.

నాలుగో రోజు వియన్నా నుంచి వెనిస్, నైట్‌జెట్ అనే రాత్రి రైలు. సీటు, కుషెట్, స్లీపర్ అని మూడు రకాలు. సీటు తీసుకోకండి, రాత్రంతా కూర్చోవాలి. కుషెట్ మన రైళ్ల స్లీపర్ క్లాస్‌లా నలుగురికో ఆరుగురికో ఒక గది, దుప్పటి, దిండు, పొద్దున చిన్న టిఫిన్ ఇస్తారు. అర్ధరాత్రి లోపు బయల్దేరే డైరెక్ట్ రాత్రి రైలుకి బయల్దేరిన రోజు ఒక్కటే లెక్కపడుతుంది, దిగే రోజు పడదు. అలాగని దిగాక ఇంకో రైలు పాస్ మీద ఎక్కితే మాత్రం ఇంకో రోజు పోతుంది. వెనిస్‌కి రెండు స్టేషన్లు, మెస్త్రే నేల మీద ఉండేది, సాంతా లూచియా నీళ్ల మధ్యలో ఉండేది, టికెట్ మీద ఏది ఉందో చూస్కోండి. మెస్త్రే దాటాక రెండు వైపులా నీళ్లే, పిల్లల్ని లేపి చూపించండి.

ఐదో రోజు వెనిస్ నుంచి మిలాన్, అక్కడ్నుంచి రీజనల్ రైల్లో తిరానో. ఈ రెండో రైలు కోమో సరస్సు ఒడ్డునే వెళ్తుంది. తిరానోలో రాత్రి ఉండటానికి కారణం మర్నాడు.

ఆరో రోజు తిరానో నుంచి స్విట్జర్లాండ్‌లోకి బెర్నీనా లైన్. ఈ ట్రిప్పులో ఒక్క రోజే ఎంచుకోమంటే నేను ఇదే అంటా. తిరానో 429 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ్నుంచి ఓస్పీత్సియో బెర్నీనా 2,253 మీటర్లు, పళ్ల చక్రం సాయం లేకుండా మామూలు పట్టాల మీదే ఎక్కుతుంది. 1910లో పూర్తయిన లైన్, 2008 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. బ్రూజియో దగ్గర రైలు ఎత్తు ఎక్కడానికి రాతి వంతెన మీద గుండ్రంగా తిరుగుతుంది, మన తోక మనకే కనిపిస్తుంది. అందరూ బెర్నీనా ఎక్స్‌ప్రెస్ పనోరమా బుక్ చేస్తారు, దానికి రిజర్వేషన్ డబ్బులు. అదే పట్టాల మీద మామూలు ఎర్ర రైలు కూడా పోతుంది, రిజర్వేషన్ అక్కర్లేదు, పాస్ చాలు, పైగా దీంట్లో కిటికీలు తెరుచుకుంటాయి. మా బాబుకి అరకు రైల్లో టన్నెళ్లు లెక్కపెట్టడం గుర్తుంది, ఇక్కడ కూడా వేళ్లు ముడుస్తూ కూర్చున్నాడు. ఆల్ప్ గ్రూమ్‌లో దిగండి, ఎదురుగా హిమానీనదం. తర్వాత రైలు పట్టుకుని సెయింట్ మోరిట్జ్ వైపు వచ్చి, కూర్ దాకా ఆల్బులా లైన్, దాంట్లో 65 మీటర్ల ఎత్తున్న లాండ్‌వాసర్ వంతెన నేరుగా కొండ గోడలోని టన్నెల్లోకి పోతుంది. కూర్ నుంచి జ్యూరిక్ గంటంపావు. వేసవైనా స్వెటర్ చేతిలోనే ఉంచుకోండి. స్విట్జర్లాండ్‌లో యూరోలు కాదు, ఫ్రాంకులు. యుంగ్‌ఫ్రావ్ కొండ రైలుకి పాస్ మీద డిస్కౌంట్ మాత్రమే, ఫ్రీ కాదు.

ఏడో రోజు జ్యూరిక్ నుంచి పారిస్, టీజీవీ లిరియా, దాదాపు నాలుగు గంటలు. పారిస్‌లో దిగేది గార్ ద లియాన్‌లో. పారిస్‌కి పెద్ద స్టేషన్లు చాలా ఉన్నాయి, హోటల్ బుక్ చేసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. పాస్ పారిస్ మెట్రోలో చెల్లదు. తిరుగు ఫ్లైట్‌కి గార్ ద లియాన్ దగ్గర్నుంచైతే ఆర్ఈఆర్ అనే లోకల్ రైళ్లలో ఎ లైన్ గానీ డి లైన్ గానీ ఎక్కి షాత్లే లెజాల్‌లో ఆర్ఈఆర్ బి కి మారితే సీడీజీ (చార్లెస్ డి గాల్) ఎయిర్‌పోర్ట్‌లోకే వెళ్తుంది. దాని టికెట్ ముందు రోజే కొని పెట్టుకోండి, పొద్దున్నే మెషిన్ దగ్గర పెద్ద లైన్ ఉంటుంది.